ఉపాధ్యాయుల పెన్షన్: కొలువులో నిలకడ, మలివయసు భరోసా

జీతం తక్కువైనా చివరికి పెన్షన్ ఉంటుందన్న నమ్మకం మీద ప్రభుత్వ బడులు శతాబ్దానికి పైగా నడిచాయి. ఆ పెన్షన్ వల్ల రెండు మేళ్లు జరుగుతాయని చెబుతారు. అనుభవం గడించిన ఉపాధ్యాయుణ్ని బడి వదిలిపోకుండా ఆపుతుందన్నది మొదటిది. ఒంట్లో ఓపిక తగ్గిన రోజుల్లో ఆయనకు, ఆయన పోయాక కుటుంబానికి నెలనెలా ఇంత డబ్బు అందుతుందన్నది రెండోది. ఒక్క పథకంతో రెండూ నెరవేరతాయని విధాన నిర్ణేతలు చాలాకాలం నమ్మారు. గత రెండు దశాబ్దాల్లో అమెరికాలో జరిగిన పరిశోధనలు, 2004 తర్వాత తెలుగు రాష్ట్రాల అనుభవం ఆ నమ్మకాన్ని సగమే నిలబెట్టాయి. పెన్షన్ పదవీ విరమణకు దగ్గరపడ్డవాళ్లను గట్టిగా పట్టి ఉంచుతుంది. కొత్తగా చేరినవాళ్ల మీద దాని పట్టు చాలా తక్కువ. భద్రత సంగతి వేరు: ఏ రకం పెన్షన్ ఇస్తున్నారు, ఎన్నేళ్ల సర్వీసుకు ఇస్తున్నారు అన్నదాన్ని బట్టి వృద్ధాప్యం పూర్తిగా మారిపోతుంది.

తొలి అడుగులు

అమెరికాలో రాష్ట్రమంతటికీ వర్తించే ఉపాధ్యాయ పెన్షన్ పథకం మొదట న్యూజెర్సీలో 1896లో వచ్చింది. కళాశాల అధ్యాపకుల కోసం ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లతో ఒక నిధి పెట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయ ధర్మకర్తగా ఉన్నప్పుడు ఆచార్యుల జీతాలు ఎంత తక్కువో తెలిసి ఆశ్చర్యపోయాడని చెబుతారు. ఆయన ఏర్పాటు చేసింది అధ్యాపకులు పైసా కట్టనక్కర లేని ఉచిత పెన్షన్. అర్హులు పెరిగేకొద్దీ కోటి డాలర్లు చాలవని తేలింది. 1918లో దాని స్థానంలో అధ్యాపకుడు కొంత, కళాశాల కొంత జమచేసే బీమా సంస్థను నెలకొల్పారు. సంస్థే మొత్తం భరిస్తుందన్న హామీ పదమూడేళ్లలో చెరిసగం చందాగా మారిందన్న మాట. తర్వాతి వందేళ్లలో చాలా దేశాల్లో ఇదే వరుస కనిపిస్తుంది.

భారతదేశంలో ప్రభుత్వోద్యోగి పెన్షన్ బ్రిటిష్ పాలన నుంచి వచ్చిన ఏర్పాటు. అది యజమాని దయాధర్మం కాదని, ఉద్యోగి ఆస్తి హక్కని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో తేల్చింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో ఇచ్చిన తీర్పు దాన్ని ఇంకా గట్టిపరిచింది. ఏటా డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకోవడం ఆ తీర్పును గుర్తుచేసుకోవడానికే.

రెండు రకాల లెక్క

పెన్షన్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో చివర వచ్చే మొత్తం ముందే ఖాయం. జీతం, సర్వీసు, ఒక శాతం కలిపి గుణిస్తే పెన్షన్ తేలుతుంది. మార్కెట్ పడిపోయినా, పెన్షనర్ తొంభై ఏళ్లు బతికినా ఆ భారం ప్రభుత్వానిదే. రెండో రకంలో కట్టే వాటా మాత్రమే ఖాయం. అది షేర్లలో, బాండ్లలో పెరిగి ఎంతైతే అంతే చేతికొస్తుంది. నష్టమొచ్చినా, ఆయుష్షు ఎక్కువైనా ఉద్యోగే మోయాలి. మనవాళ్లు వాడుకలో మొదటిదాన్ని పాత పెన్షన్ అని, రెండోదాన్ని సీపీఎస్ అని అంటారు. రెండింటినీ కలిపిన మిశ్రమ పథకాలూ ఉన్నాయి.

మొదటి రకంలో ఉన్న తిరకాసు ఒక ఉదాహరణతో తెలుస్తుంది. టెక్సాస్‌లో ఏడాది సర్వీసుకు 2.3 శాతం చొప్పున లెక్కగట్టి, దాన్ని అత్యధిక జీతం అందుకున్న అయిదేళ్ల సగటుతో గుణిస్తారు. ముప్పై ఏళ్లు పనిచేస్తే సగటు జీతంలో 69 శాతం వస్తుంది. ఇరవై అయిదో ఏట చేరి ముప్పై అయిదో ఏట మానేసిన టీచర్‌కు సగటు జీతం 50,000 డాలర్లు అనుకుందాం. లెక్క ప్రకారం ఏడాదికి 11,500 డాలర్లు రావాలి. కానీ ఆ డబ్బు చేతికందేది ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత, గుణించేది పాత జీతంతోనే. ధరలు ఏటా 3 శాతం పెరిగితే అప్పటికి ఆ 11,500 కొనగలిగేది నేటి 4,700 డాలర్ల సరుకే. సర్వీసు మూడింట ఒక వంతైతే ప్రతిఫలం అంతకన్నా చాలా తక్కువ. విలువంతా ఉద్యోగ జీవితం చివరి భాగంలో పోగుపడుతుంది.

దీనికి తోడు కనీస సర్వీసు షరతు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అయిదేళ్లు, మసాచుసెట్స్, జార్జియా, కనెక్టికట్ లాంటి చోట్ల పదేళ్లు పూర్తికాకుండా మానేస్తే పెన్షన్ హక్కు ఉండదు. తాను కట్టిన సొమ్ము, దాని మీద కొద్దిపాటి వడ్డీ పట్టుకుని వెళ్లాలి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం కట్టిన వాటా నిధిలోనే మిగిలిపోతుంది. మధ్యలో పోయినవాళ్లు వదిలేసిన డబ్బు చివరిదాకా ఉన్నవాళ్ల పెన్షన్లకు ఉపయోగపడుతుందన్నది ఈ రంగంలో మొహమాటం లేకుండా చెప్పుకోవాల్సిన నిజం.

శిఖరం దాకా ఆగడం, దాటగానే దిగిపోవడం

రాబర్ట్ కాస్ట్రెల్, మైఖేల్ పొడ్గుర్‌స్కీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008 ప్రాంతంలో అమెరికా రాష్ట్రాల పెన్షన్ సూత్రాలను తీసుకుని, ఉపాధ్యాయుడు ప్రతి ఏడాది చివర మానేస్తే అతని పెన్షన్ మొత్తం విలువ ఎంతో గీత గీసి చూపించారు. ఆ గీత ఏళ్ల తరబడి నేలబారుగా నడుస్తుంది. ఏదో ఒక సంవత్సరం, సాధారణంగా ముందస్తు విరమణకు అర్హత వచ్చిన ఏడాది, ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది. పూర్తి అర్హత దాటాక దిగజారుతుంది. అప్పటి నుంచి పనిచేసే ప్రతి ఏడాదీ ఒక ఏడాది పెన్షన్‌ను వదులుకున్నట్టే.

మనుషుల ప్రవర్తన ఆ గీత వెంటే నడుస్తుంది. శిఖరానికి రెండు మూడేళ్ల దూరంలో ఉన్న టీచర్ పని ఎంత విసుగనిపించినా ఆగుతాడు. శిఖరం దాటగానే, ఇంకా హాయిగా పాఠం చెప్పగలిగిన వయసులోనే, సెలవు తీసుకుంటాడు. విసిగిపోయినవాణ్ని బలవంతాన ఆపడం, ఉత్సాహం ఉన్నవాణ్ని ముందే పంపడం ఒకే సూత్రం చేస్తున్న పనులు. నిలకడ పెంచుతుందని పొగిడేవాళ్లు మొదటి సగాన్నే చూస్తారు.

కొత్తవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. ఇరవై అయిదేళ్ల టీచర్ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే డబ్బు కోసం ఈ ఏడాది ఉద్యోగంలో ఉండాలా వద్దా అని ఆలోచించడు. పిల్లల గోల, ప్రధానోపాధ్యాయుడి తీరు, ఇంటి అద్దె, పక్క జిల్లాలో ఇచ్చే జీతం అతని నిర్ణయాన్ని నడిపిస్తాయి. సెయింట్ లూయిస్ నగరంలో 1999లో పెన్షన్ ఉదారంగా పెంచారు. విరమణకు దూరంగా ఉన్న ఉపాధ్యాయుల నిలకడ దానివల్ల పెరిగిన దాఖలా పెద్దగా లేదని కోరీ కోడెల్, మరో పరిశోధకుడు కలిసి చేసిన అధ్యయనం చెప్పింది. ఇలినాయ్‌లో జరిగిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. 1998లో అక్కడ పెన్షన్ శాతాన్ని 2.2కు పెంచి, గడిచిన సర్వీసుకు కూడా ఆ లాభం కావాలంటే కొంత సొమ్ము కట్టి కొనుక్కోమన్నారు. ధర చాలా చౌక. అయినా చాలామంది కొనలేదు. మరియా ఫిట్జ్‌పాట్రిక్ లెక్క ప్రకారం, రేపు వచ్చే ఒక డాలరు పెన్షన్ కోసం ఉపాధ్యాయులు సగటున ఈ రోజు ఇవ్వడానికి సిద్ధపడింది సుమారు 20 సెంట్లే. ప్రభుత్వం డాలరు ఖర్చు చేస్తుంటే అందుకునేవాడికి అది అయిదో వంతుగా కనబడితే, ఉద్యోగంలో ఆపడానికి పెన్షన్ ఖరీదైన సాధనమే.

అలాగని పెన్షన్ తీసేస్తే ఏమీ కాదనడం కూడా పొరపాటు. వెస్ట్ వర్జీనియా 1991లో కొత్త టీచర్లను వ్యక్తిగత ఖాతాల పథకంలోకి మళ్లించింది. ఖాతాల్లో పోగైన సొమ్ము విరమణ జీవితానికి సరిపోయేలా లేదు. 2005లో రాష్ట్రం కొత్తవాళ్లకు పాత పథకాన్ని తెరిచింది. 2008లో ఖాతాదార్లకు మారే అవకాశం ఇస్తే నాలుగింట మూడు వంతుల మందికి పైగా పాత పథకానికే వెళ్లారు. అలాస్కా 2006 జూలై నుంచి చేరినవాళ్లకు ఖాయమైన పెన్షన్ తీసేసింది. టీచర్ల కొరత వచ్చినప్పుడల్లా అక్కడి శాసనసభలో ఈ చర్చ మళ్లీ మొదలవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం 1996లో సగం ఖాయం, సగం ఖాతా అనే మిశ్రమ పద్ధతి తెచ్చి, తర్వాత కొత్తవాళ్లకు ఎంచుకునే వీలిచ్చింది. ఎక్కువమంది మిశ్రమాన్నే కోరుకున్నారు. దీన్ని బట్టి ఉపాధ్యాయులందరికీ ఒకే రకం పెన్షన్ ఇష్టమన్న మాట నిలవదు.

సోషల్ సెక్యూరిటీ అందని టీచర్లు

అమెరికాలో 1935లో జాతీయ పెన్షన్ కోసం సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చినప్పుడు రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగులను చేర్చలేదు. రాష్ట్రాల మీద కేంద్రం పన్ను వేయవచ్చా అన్న రాజ్యాంగ సందేహమే కారణం. 1950ల నుంచి కోరుకున్న రాష్ట్రాలు చేరవచ్చన్నారు. కాలిఫోర్నియా, ఇలినాయ్, ఒహాయో, మసాచుసెట్స్, టెక్సాస్‌లోని అత్యధిక పాఠశాల జిల్లాలు బయటే ఉండిపోయాయి. నేటికీ ప్రభుత్వ బడి టీచర్లలో దాదాపు 40 శాతం మందికి ఆ రక్షణ లేదు. వీళ్లు పదేళ్లు పనిచేసి మానేస్తే చేతిలో మిగిలేది కరిగిపోయిన రాష్ట్ర పెన్షన్ ముక్క మాత్రమే. దేశంలోని సగటు దుకాణ ఉద్యోగికి ఉండే కనీస జాతీయ పెన్షన్ కూడా ఆ పదేళ్లకు జమకాదు.

ఇలా బయట ఉన్నవాళ్లు వేరే ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ సంపాదించుకున్నా, జీవిత భాగస్వామి ద్వారా వచ్చినా కోత పెట్టే నిబంధనలు 1977, 1983 చట్టాలతో వచ్చాయి. భర్త చనిపోయిన టీచర్లకు రావలసిన సొమ్ము పూర్తిగా పోయిన సందర్భాలున్నాయి. నలభై ఏళ్ల ఆందోళన తర్వాత 2025 జనవరి 5న అధ్యక్షుడు బైడెన్ సంతకంతో ఆ కోతలు రద్దయ్యాయి.

అప్పుల భారం పెరిగిన రాష్ట్రాలు పాతవాళ్ల పెన్షన్ ముట్టుకోలేక కొత్తవాళ్ల మీద భారం వేశాయి. ఇలినాయ్‌లో 2011 జనవరి తర్వాత చేరిన టీచర్ జీతంలో 9 శాతం కట్టాలి, పదేళ్లు దాటితేగాని హక్కు రాదు, పూర్తి పెన్షన్ 67వ ఏట. అదే స్టాఫ్ రూములో పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్‌కు కోత అంతే, పదేళ్ల షరతు గానీ 67 ఏళ్ల షరతు గానీ వర్తించవు.

తెలుగువాళ్లకు ఈ నిబంధనలు దూరపు సంగతులేం కావు. గణితం, సైన్సు, స్పెషల్ ఎడ్యుకేషన్ బోధించేవాళ్లు దొరకని పాఠశాల జిల్లాలు భారతదేశం నుంచి టీచర్లను పిలిపించుకుంటున్నాయి, వాళ్లలో తెలుగువాళ్లున్నారు. ఎక్స్‌ఛేంజ్ వీసా మీద వెళ్లినవాళ్లకు గడువు మూడేళ్లు, పొడిగిస్తే మరో రెండేళ్లు. అయిదేళ్ల హక్కు షరతున్న రాష్ట్రంలో హక్కు చేతికొచ్చే అంచుదాకా వెళ్లి, పదేళ్ల షరతున్న చోట ఎలాగూ దక్కకుండా, తిరిగి రావలసి వస్తుంది. సోషల్ సెక్యూరిటీకి అర్హత కావాలంటే సుమారు పదేళ్లు కట్టాలి. రెండు దేశాల సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం అమెరికాకు చాలా దేశాలతో ఉంది, భారత్‌తో లేదు.

బ్రిటన్ దారి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఇంగ్లండ్, వేల్స్ టీచర్ల పథకం 2015లో చివరి జీతం ప్రాతిపదిక నుంచి ఉద్యోగ కాలమంతటి సగటు జీతానికి మారింది. ఏటా ఆ ఏడాది జీతంలో 57వ వంతు పెన్షన్‌గా జమవుతుంది. దీనివల్ల విలువంతా చివర్లో పోగుపడే జబ్బు చాలావరకు తగ్గింది. అయితే యాజమాన్య వాటా 2024 ఏప్రిల్‌లో 28 శాతం దాటడంతో ప్రైవేటు బడులు అనేకం పథకం నుంచి తప్పుకుంటున్నాయి.

తెలుగు రాష్ట్రాలు: పాత పెన్షన్ నుంచి సీపీఎస్ దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు వర్తించినవి 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనలు. 33 ఏళ్ల సర్వీసుంటే చివరి మూల వేతనంలో సగం పెన్షన్. దాని మీద కరువు భత్యం (డీఏ) పెరిగినప్పుడల్లా కరువు ఉపశమనం, వేతన సవరణ (పీఆర్సీ) వచ్చినప్పుడల్లా సవరణ. కొంత భాగాన్ని కమ్యుటేషన్ కింద ఒకేసారి తీసుకోవచ్చు. కోసిన భాగం పదిహేనేళ్లకు మళ్లీ కలుస్తుంది. గ్రాట్యుటీ వేరు. పెన్షనర్ చనిపోతే భార్యకో భర్తకో కుటుంబ పెన్షన్. డెబ్బై దాటితే అదనపు పెన్షన్. ఉద్యోగి తన జీతం నుంచి కట్టింది భవిష్య నిధి (జీపీఎఫ్) రూపంలో ఆయనకే ఉండేది. కూతురి పెళ్లికో ఇంటి స్లాబుకో అందులోంచి అప్పు తీసేవారు.

ఇందులో అమెరికా సూత్రాల కన్నా నిటారైన కొండచరియ ఒకటుంది. పదేళ్లు నిండకపోతే పెన్షన్ లేదు. ఎన్నేళ్లు చేసినా రాజీనామా చేస్తే గత సర్వీసంతా రద్దు. అనుమతి తీసుకుని మరో ప్రభుత్వ కొలువుకు వెళ్లినవాళ్లకే మినహాయింపు. ఇరవై ఏళ్లు నిండాక స్వచ్ఛంద విరమణ తీసుకుంటే పెన్షన్ వస్తుంది. సర్వీసు పంతొమ్మిదో ఏట రాజీనామా, ఇరవై ఒకటో ఏట స్వచ్ఛంద విరమణ మధ్య తేడా ఒక జీవితకాలపు ఆదాయం. మన ఉపాధ్యాయ సంఘాల సమావేశాల్లో ఇరవై ఏళ్ల గీత గురించి ఎందుకంత శ్రద్ధగా మాట్లాడుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కేంద్రం 2004 జనవరి 1 నుంచి కొత్త ఉద్యోగులకు పాత పెన్షన్ ఆపేసింది, సైన్యానికి తప్ప. ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 1ని గీతగా పెట్టుకుని, అదే నెలలో జీవో 653తో కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ (సీపీఎస్) తెచ్చింది. మూల వేతనం, డీఏ కలిపి 10 శాతం ఉద్యోగి నుంచి కోస్తారు, ప్రభుత్వం అంతే జమచేస్తుంది. అది ఉద్యోగి పేరిట శాశ్వత నంబరున్న (ప్రాన్) ఖాతాలో పెరుగుతుంది. విరమణ నాడు 60 శాతం దాకా చేతికిస్తారు. కనీసం 40 శాతంతో బీమా సంస్థ నుంచి నెలవారీ పెన్షన్ కొనాలి. విరమణకు ముందే వదిలేస్తే 80 శాతంతో అలా పెన్షన్ కొనాలి. కేంద్రం 2019లో తన ఉద్యోగుల కోసం ప్రభుత్వ వాటాను 14 శాతానికి పెంచింది.

లెక్క వేసి చూద్దాం. చివరి మూల వేతనం 80,000 రూపాయలున్న స్కూల్ అసిస్టెంట్‌కు పాత పెన్షన్ 40,000, పైన కరువు ఉపశమనం. అదే స్థాయి సీపీఎస్ ఉపాధ్యాయుడి ఖాతాలో 60 లక్షలు పోగయ్యాయనుకుందాం. 36 లక్షలు చేతికొస్తాయి. మిగతా 24 లక్షల మీద ఏడాదికి 6 శాతం చొప్పున వస్తే నెలకు 12,000. ఇందులో డీఏ పెరుగుదల లేదు, పీఆర్సీ లేదు. పదేళ్ల తర్వాత కూడా పన్నెండు వేలే. 36 లక్షలను తెలివిగా పొదుపు చేసుకుంటే తేడా తగ్గుతుందని పథకాన్ని సమర్థించేవాళ్లు అంటారు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇంటి అప్పు అరవయ్యో ఏట ఎదురుచూస్తుండే మన ఇళ్లలో ఆ 36 లక్షలు ఎన్నాళ్లుంటాయో వాళ్లకూ తెలుసు.

మరీ బాధితులు గీతకు అటూ ఇటూ చిక్కుకున్నవాళ్లు. ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ-2003 నోటిఫికేషన్ కొత్త పథకం రాకముందే వచ్చింది. నియామకాలు జరిగేసరికి 2005. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం ఉపాధ్యాయులది. కేంద్రంలో ఇలాంటివాళ్లకు, అంటే 2003 డిసెంబరు 22కు ముందే ప్రకటించిన పోస్టుల్లో తర్వాత చేరినవాళ్లకు, 2023 మార్చిలో పాత పెన్షన్ కోరుకునే అవకాశం ఇచ్చారు. మెమో 57గా పిలిచే ఆ ఉత్తర్వును తమకూ అమలు చేయాలన్నది డీఎస్సీ-2003 ఉపాధ్యాయుల ప్రధాన కోరిక. సీపీఎస్ ఉద్యోగులు ఏటా సెప్టెంబరు 1న పెన్షన్ విద్రోహ దినం పాటిస్తారు.

సర్వీసులో ఉండగా మరణం సంభవిస్తే సీపీఎస్ మొదట్లో చాలా కఠినంగా ఉండేది. అయిదారేళ్ల సర్వీసులో ఖాతాలో పోగయ్యే సొమ్ముతో భార్యాపిల్లలు ఎన్నాళ్లు గడుపుతారన్న ప్రశ్నకు పథకంలో జవాబు లేదు. సంఘాల ఒత్తిడి మీద గ్రాట్యుటీ, ఆ తర్వాత కుటుంబ పెన్షన్ ఒక్కొక్కటిగా వచ్చాయి. తెలంగాణ కుటుంబ పెన్షన్ ఉత్తర్వు 2021 నాటిది. పథకానికి ఇన్ని అతుకులు వేయాల్సి రావడాన్ని బట్టే, వ్యక్తిగత ఖాతా దీర్ఘాయుష్షుకూ అకాల మరణానికీ సరైన బీమా కాదని తేలుతుంది.

ఉద్యోగం వదలనిచోట, వదిలేచోట

పెన్షన్ పోతే ఉపాధ్యాయులు బడి వదిలిపోతారన్న అమెరికా వాదన తెలుగు నేల మీద పనిచేయలేదు. సీపీఎస్ ఖాతా ఉద్యోగి వెంట ఎక్కడికైనా వస్తుంది, కాబట్టి సిద్ధాంతం ప్రకారం రాజీనామాలు పెరగాలి. పెరగలేదు. ప్రభుత్వ బడి జీతానికీ చుట్టుపక్కల దొరికే మరో ఉద్యోగ జీతానికీ మధ్య దూరం అంత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. పాత పెన్షన్ రాదని తెలిసే పోటీపడ్డారు. ఇక్కడ నిలకడ సమస్య ఉద్యోగం వదలడం కాదు, ఊరు వదలడం. మారుమూల బడిలో చేరిన ఉపాధ్యాయుడు రోడ్డు పక్క ఊరికి, అక్కడి నుంచి పట్నానికి బదిలీ కోసం చూస్తాడు. పట్నంలో ఇంటి అద్దె భత్యం కూడా ఎక్కువ. ఏజెన్సీలో నాలుగేళ్లు ఉండేలా చేసేది బదిలీ కౌన్సెలింగ్‌లో వచ్చే పాయింట్లు. పెన్షన్ సూత్రంలో పల్లెకూ పట్నానికీ తేడా లేదు.

నిజంగా ఏటా మారిపోయేది ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు. జూన్‌లో ఒక బడి, మరుసటి జూన్‌లో మరో బడి. వేసవి సెలవుల జీతం ఇవ్వని యాజమాన్యాలు చాలా ఉన్నాయి. ఇక్కడ చట్టం ప్రకారం దొరికేది ఈపీఎఫ్, దాంట్లో భాగంగా 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం. అదీ ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో. జీతం ఎంతున్నా సాధారణంగా 15,000 రూపాయల పరిమితి మీదే లెక్క. ఆ జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్లు పనిచేస్తే, అప్పుడు కలిపే రెండేళ్ల అదనపు సర్వీసుతో కూడా నెలకు 4,714 రూపాయలు. కరువు ఉపశమనం లేదు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలు. పదేళ్లు నిండకపోతే నెలవారీ పెన్షన్ అసలే రాదు.

గ్రాట్యుటీ కోసం జరిగిన న్యాయపోరాటం వేరే కథ. 1997 ఏప్రిల్ 3న కేంద్రం విద్యాసంస్థలకు గ్రాట్యుటీ చట్టాన్ని వర్తింపజేసింది. ఉపాధ్యాయుడు ఆ చట్టంలోని ఉద్యోగి నిర్వచనం కిందకు రాడని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. గుమాస్తాకు, డ్రైవరుకు వర్తించేది పాఠం చెప్పేవాడికి వర్తించలేదు. 2009లో పార్లమెంటు నిర్వచనాన్ని సవరించి 1997 నుంచే అమలులోకి తెచ్చింది. ప్రైవేటు బడుల సమాఖ్య దాన్ని సవాలు చేసి 2022 ఆగస్టులో ఓడిపోయింది. సాధారణంగా అయిదేళ్లు ఒకే సంస్థలో పనిచేస్తేనే గ్రాట్యుటీ కాబట్టి, నాలుగేళ్లకే టీచర్‌ను మార్చేసే యాజమాన్యానికి ఇది ఖర్చు తప్పించుకునే దారి కూడా. చివరిదాకా ఉన్నవాడికే ప్రతిఫలం అనే షరతు ప్రభుత్వ రంగంలో ఉద్యోగిని పట్టి ఉంచుతుంది. ప్రైవేటులో అదే షరతు యాజమాన్యం చేత ఉద్యోగిని బయటికి పంపిస్తుంది.

కరోనా కాలంలో బడులు మూతపడి జీతాలు ఆగిపోయినప్పుడు, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. వాళ్లకు పొదుపు గానీ, సామాజిక భద్రత గానీ ఎంతుందో ఆ సాయం స్థాయే చెబుతుంది.

విరమణ వయసుతో ఆట

పెన్షన్ ఖర్చును ప్రభుత్వాలు అదుపు చేసుకునే మరో మార్గం విరమణ వయసు పెంచడం. అయితే 1983లో ఎన్‌టీఆర్ ప్రభుత్వం ఆ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. వేలమంది ఒక్కసారి ఇంటికి వెళ్లారు. ఆ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1985లో నాగరాజ్ కేసులో సమర్థించినా, వయసు మాత్రం తిరిగి 58కి చేరింది. ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022 జనవరిలో 62కు పెంచింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి పెంచింది.

వయసు పెంచితే అనుభవమున్నవాళ్లు బడిలో మరికొన్నాళ్లు ఉంటారు. అదే సమయంలో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ చెల్లింపులు వాయిదా పడతాయి, కొత్త డీఎస్సీ ఖాళీలు తగ్గుతాయి. వాయిదా మాఫీ కాదు. తెలంగాణలో ఆగిన విరమణలు 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి. సన్మానం శాలువాతో ఇంటికి వెళ్లిన ఉపాధ్యాయులు బకాయిల కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తోందని సంఘాలు అంటున్నాయి. పాత పెన్షన్‌లో హామీ ప్రభుత్వానిదే అయినా, ఆ హామీ ఖజానా ఆరోగ్యం మీద ఎంత ఆధారపడి ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇటీవలి మలుపులు

2022 నుంచి రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పెన్షన్‌కు తిరిగి వెళ్తామని ప్రకటించాయి. పశ్చిమ బెంగాల్ 2004 నాటి కొత్త పథకంలో అసలు చేరలేదు. అన్ని రాష్ట్రాలూ వెనక్కి వెళితే మొత్తం భారం కొత్త పథకంతో పోలిస్తే నాలుగున్నర రెట్ల దాకా కావచ్చని రిజర్వు బ్యాంకు పత్రికలో 2023లో వచ్చిన అధ్యయనం హెచ్చరించింది. ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎస్ రద్దు 2019 ఎన్నికల హామీల్లో ఒకటి. రద్దుకు బదులు 2023 సెప్టెంబరులో శాసనసభ గ్యారంటీడ్ పెన్షన్ బిల్లును ఆమోదించింది: ఉద్యోగి వాటా కొనసాగుతుంది, చివరి మూల వేతనంలో 50 శాతం పెన్షన్‌కు ప్రభుత్వం హామీ ఉంటుంది. ఉపాధ్యాయ సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. తమ జీతంలోంచి కోత లేకుండా పాతదే కావాలన్నాయి.

కేంద్రం 2024 ఆగస్టు 24న దాదాపు ఇదే దారిలో ఏకీకృత పెన్షన్ పథకాన్ని ఆమోదించి 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. పాతికేళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం, పదేళ్లకు కనీసం 10,000 రూపాయలు, కుటుంబానికి 60 శాతం. ప్రభుత్వ వాటా 18.5 శాతం. ఎంచుకునే గడువును రెండుసార్లు పొడిగించాల్సి వచ్చింది. రాష్ట్రాలు తమ ఉద్యోగులకు దీన్ని వర్తింపజేయాలా అన్నది వాటి ఇష్టం.

ఇప్పటివరకు తెలుగు రాష్ట్రాల్లో సీపీఎస్ కింద విరమణ చేసినవాళ్లు ఎక్కువగా లేటు వయసులో ఉద్యోగం వచ్చి, పది పదిహేనేళ్లే పనిచేసినవాళ్లు. వాళ్లకొచ్చే చిన్న మొత్తాలను చూపి పథకం పూర్తిగా విఫలమైందనడం తొందరపాటు; ఆ కొద్ది సర్వీసుకు పాత పెన్షన్‌లో కూడా పూర్తి సగం వచ్చేది కాదు. అసలు పరీక్ష 2005లో ముప్పై, ముప్పై అయిదేళ్ల వయసులో చేరినవాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి 62 ఏళ్ల లెక్క ప్రకారం వాళ్లు 2032 నుంచి 2037 మధ్య విరమిస్తారు, చేతిలో పాతికేళ్లు దాటిన సర్వీసుతో, ఇప్పటిదాకా ఎవరూ చూడనంత పెద్ద సంఖ్యలో.